లేజర్‌కు గాలే శత్రువు

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో వాళ్లు 30 కిలోవాట్ల లేజర్‌తో ఎగిరే డ్రోన్లను కూల్చి చూపించారు. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ‘చెస్’ ప్రయోగశాల. మరి దాంతోనే క్షిపణినీ కూల్చేయొచ్చుగా? అంత సత్తువ లేదన్నది ఒక జవాబు. సత్తువ పెంచినా దారిలో గాలి ఉందన్నది అసలు జవాబు.

మే నెల మిట్టమధ్యాహ్నం పోచంపల్లి రోడ్డు మీద దూరంగా వచ్చే ఆటోను చూడండి, నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. వేడిగాలి పొరలు వెలుగును తలోవైపు వంచుతాయి. చుక్కలు మిణుకుమనేదీ అందుకే. వందల కిలోమీటర్లు పోయే లేజర్ కూడా అలాగే చెదిరి పలచబడుతుంది.

దీనికి విరుగుడు వెతకడానికే అమెరికా 1990 ఫిబ్రవరి 14న ‘లేస్’ అనే ఉపగ్రహాన్ని పంపింది. 1983లో రీగన్ ప్రకటించిన ‘స్టార్ వార్స్’ పథకం కోసం అక్కడి నౌకాదళ పరిశోధనశాల కట్టిందది. అందులో ఆయుధమేమీ లేదు. హవాయిలోని మావి దీవి నుంచి వేసే చిన్న లేజర్‌కు గురిగా నిలబడి, కిరణం ఎంత చెదిరిందో 210 సెన్సర్లతో కొలవడం దాని ముఖ్యమైన పని.

కిటుకు మన పోచంపల్లి చిటికి నేత పనివాళ్లకు తెలిసిందే. నేశాక బొమ్మ ఎక్కడ పడాలో లెక్కగట్టి, నూలుకు ముందే కట్లు కట్టి రంగు వేస్తారు. విడి నూలు మీద అవి ఉత్త మచ్చలే, మగ్గమెక్కితేనే బొమ్మ. శాస్త్రవేత్తలూ వంగే అద్దాన్ని వెనక నుంచి 241 చోట్ల నెడుతూ, కిరణాన్ని కావాలనే వంకరగా పంపారు. గాలి దాటేసరికి ఆ వంకర పోయేది.

ఏ క్షణాన గాలి ఎలా ఉందో చెప్పేది ఉపగ్రహం నుంచి తిరిగొచ్చే వెలుగు. ఇక్కడో చిక్కుంది. 540 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెలుగు కిందికొచ్చి, సరిదిద్దిన కిరణం మళ్లీ పైకి చేరేలోగా ఉపగ్రహం సుమారు 27 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. అందుకని దాని ముందువైపు 45 మీటర్ల దాకా సాగే కడ్డీ పెట్టి, చివర వెలుగును వెనక్కి పంపే అద్దాలు బిగించారు. ఇందాక అద్దాలున్న చోటికి కిరణం చేరేసరికి ఉపగ్రహమే అక్కడికి వచ్చి ఉంటుంది. నన్నడిగితే మొత్తం ప్రయోగంలో ముచ్చటైన ఆలోచన ఇదే.

అయితే మబ్బు అడ్డొస్తే ఏ అద్దమూ చేసేదేం లేదు. భారత్ 2019 మార్చి 27న తన మైక్రోశాట్‌-ఆర్‌ ఉపగ్రహాన్ని కూల్చిందీ క్షిపణితోనే, లేజర్‌తో కాదు. స్టార్ వార్స్ లేజర్లు ఏనాడూ కాపలాకు దిగలేదు. 1991లో అమెరికా రహస్యం విప్పిన ఆ వంగే అద్దాల విద్యతోనే నేడు పెద్ద టెలిస్కోపులు నక్షత్రాలను స్పష్టంగా చూస్తున్నాయి. పెట్టిన ఖర్చుకు గిట్టుబాటైనవాటిలో అదొకటి.