పల్లె బడుల కలయిక: న్యూయార్కు రాష్ట్రపు అనుభవము

ఆంధ్రప్రదేశములో 2022వ సంవత్సరమున వెలువడిన 117వ నంబరు ప్రభుత్వోత్తర్వు మన పాఠకులకు జ్ఞాపకముండకపోదు. ప్రాథమిక పాఠశాలలలోని మూడు, నాలుగు, అయిదు తరగతులను విడదీసి సమీపమున నున్న ఉన్నత పాఠశాలలలో చేర్చవలెనని దాని తాత్పర్యము. తల్లిదండ్రులు పలుచోట్ల ఆక్షేపించిరి. ఉపాధ్యాయ సంఘములు ఆందోళనము సలిపినవి. తుదకు 2025లో ఆ యుత్తర్వు ఉపసంహరింపబడినది. ఆ వాదప్రతివాదములను చదువుచున్నప్పుడు మాకు అమెరికా దేశములోని న్యూయార్కు రాష్ట్రపు పల్లెలు స్ఫురించినవి. న్యూయార్కనగానే ఆకాశమంటు మేడలు మనస్సునకు వచ్చును గాని, ఆ మహానగరమునకు ఉత్తరముగా పాడిపంటలతో, శీతకాలపు మంచుతో, చిన్న చిన్న యూళ్లతో నిండిన విశాలప్రదేశ మొకటి కలదు. ఇదే తగవు అక్కడ నూరేండ్లకు పైగా నడచినది, నేటికిని ముగియలేదు.

ఆ రాష్ట్రమున సామాన్య పాఠశాలల చట్టము 1812లో చేయబడినది. మరుసటి సంవత్సరము గిడియన్ హాలీ అను న్యాయవాది మొదటి పర్యవేక్షకుడుగా నియమితుడై, దానిని ఆచరణలో పెట్టెను. పిల్లవాడు కాలినడకను పోయిరాగల దూరమే పాఠశాలా మండలమునకు హద్దు. ప్రతి మండలమునకు ముగ్గురు ధర్మకర్తలు. ఒక గది, ఒక పొయ్యి, ఒక పంతులు లేక పంతులమ్మ. అన్ని యీడుల పిల్లలును ఆ గదిలోనే. పంతులునకు భోజనవసతులు తరచుగా వంతులవారీగా ఊరి యిండ్లలోనే జరుగుచుండెను. మన వీథిబడి పంతులునకు కుటుంబములవారు బియ్యము, పప్పు ఇచ్చి పోషించిన రీతికి ఇది దూరపు చుట్టమని చెప్పవచ్చును. పిల్లవాడు బడికి వచ్చిన దినముల లెక్కను బట్టి తండ్రి రుసుము చెల్లించు ఆచారము 1867 వరకు ఉండి, ఆ యేట రద్దయినది. ఇట్టి మండలములు పదివేలకు మించి వెలసినవి. ఇంత చిన్న ప్రభుత్వము మరియొకచోట ఉండెనో లేదో గాని, పన్ను వేయు హక్కు మాత్రము దానికి సంపూర్ణముగా నుండెను.

చిక్కంతయు ఆ పన్నులోనే పుట్టినది. ఒక మండలములో గుండ రైలుమార్గము పోయినచో రైలు కంపెనీ ఆస్తిపై వచ్చు పన్నుతో ఆ బడి సుఖముగా సాగును. కొండకు ఆవలనున్న మండలములో నలుగురు రైతులు ఎంత చెల్లించినను పంతులు జీతమునకు చాలదు. ఇంతలో యువకులు పట్టణములకు తరలిపోవుటచే కొన్ని బడులలో పిల్లల సంఖ్య వ్రేళ్లమీద లెక్కింపదగినంత తగ్గిపోయినది. ఎనిమిదవ తరగతి దాటిన పిల్లవానికి ఉన్నత పాఠశాల ఎక్కడనో దూరపు పట్టణములోనే గాని ఊరిలో లేదు. థియొడోర్ రూజ్‌వెల్టు అధ్యక్షుడు 1908లో నియమించిన గ్రామజీవన విచారణ సంఘము కూడ పల్లె బడుల దుస్థితిని ఎత్తి చూపినది.

పై అధికారులు మొదట ప్రయోగించినది శాసనబలము. 1917లో ఒక చట్టము చేసి, చిన్న మండలములనన్నిటిని ఒక్క కలము పోటుతో ఆయా టౌనుల విద్యాసంఘముల క్రిందికి తెచ్చిరి. న్యూయార్కులో టౌనన్నది పట్టణము కాదు, కొన్ని పల్లెల సముదాయము. దీనితో పన్నులు పెరిగినవి. ధర్మకర్తల పదవులు ఊడినవి. తమ తాతలు కట్టిన బడి తమది కాకపోయెనని రైతులు మండిపడిరి. మరుసటి యేడు, అనగా 1918లోనే, శాసనసభవారు ఆ చట్టమును రద్దుచేయవలసివచ్చెను. పల్లెవాని ఓటు బలము ఎట్టిదో నాడు ఆల్బనీ నగరములోని పెద్దలకు తెలిసివచ్చినది.

పిదప వారు వేరు త్రోవ త్రొక్కిరి. కేంద్ర గ్రామీణ పాఠశాలలను ఏర్పరచుకొనుటకు వీలిచ్చు చట్టము 1914 నుండియే యున్నది. దానిని వినియోగించుకొన్నవారు మాత్రము బహుస్వల్పము. 1925లో దానికి ధనసహాయమును జోడించిరి. కలసిన మండలమునకు పిల్లలను తీసికొనివచ్చు ఖర్చులో సగమును, భవననిర్మాణములో నాలుగవ వంతును రాష్ట్రమే భరించునని చెప్పిరి. బలవంతము చేయలేని పనిని గ్రాంటు చేసినది. తరువాతి రెండు దశాబ్దములలో వేలకొలది చిన్న మండలములు అంతరించినవి. 1947లో రాష్ట్రమంతటికి ఒక ప్రణాళిక తయారై, 1958లో సవరింపబడినది. పదివేలకు పైబడిన మండలములు నేడు ఇంచుమించు ఏడువందలకు దిగినవి.

ఇందులో ఒక కిటుకును మేము దాచబోము. కలయికకు జనాభిప్రాయము తీసికొనుమాట నిజమే. అయితే విద్యాకమీషనరు ఎల్లలు గీసిన పిమ్మట, ఒక్కొక్క చిన్న మండలపు ఓట్లను విడిగా గాక, కలియబోవు ప్రదేశమంతటి ఓట్లను ఒక్క మొత్తముగా లెక్కించిరి. పెద్ద గ్రామములో జనమెక్కువ. క్రొత్త భవనము వచ్చునదియు అక్కడనే. కొండమీది పల్లె ఏకగ్రీవముగా వద్దన్నను దాని మాట లెక్కలో మునిగిపోవును. ఇది ప్రజాస్వామ్యమే; కాని కొండమీదివాని కట్లు తోచియుండదు.

దూరపు బడికి బండి కావలెను గదా! మొదటి రోజులలో ఆ బండ్ల తీరు నానావిధములు. కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో గ్రామవిద్యాచార్యుడైన ఫ్రాంక్ సైర్ 1937లో పది రాష్ట్రములను పరిశీలింపగా, పిల్లలు ట్రక్కులలోను, కొన్నిచోట్ల గుఱ్ఱములు లాగు గోధుమ బండ్లలోను పోవుచుండుట కనబడెను. ఆయన 1939 ఏప్రిలులో ఆనాటి నలుబదియెనిమిది రాష్ట్రముల ప్రతినిధులను, బస్సులు కట్టువారిని సమావేశపరచి, ఏడు దినముల చర్చతో నలుబదినాలుగు నియమములను నిర్ణయింపజేసెను. తెల్లవారుజాము మసకలోను, సంధ్యవేళను దూరమునుండి కనుపించునని పసుపు వన్నెను, దానిపై నల్లని అక్షరములను ఎంచుకొన్నది ఆ సభలోనే. అమెరికా చలనచిత్రములలో మనవారు చూచు పచ్చబస్సు ఇట్లు పల్లె బడుల కలయికకు పుట్టిన బిడ్డ.

ఇక నేటి కేంద్ర పాఠశాలా మండలపు నిర్మాణము. ఇది పంచాయతీకి గాని జిల్లాకు గాని లోబడిన శాఖ కాదు. తనంతట తాను ఒక స్థానిక ప్రభుత్వము. అయిదుగురు, ఏడుగురు లేక తొమ్మండుగురు సభ్యులు గల విద్యాసంఘమును ఓటర్లు ఎన్నుకొందురు. సభ్యులకు జీతము లేదు. వారు ఒక సూపరింటెండెంటును నియమించి కార్యభారము నప్పగింతురు. ప్రతి సంవత్సరము మే మాసములో ఆ యేటి ఆయవ్యయ పట్టికపై ప్రజలే ఓటు వేయుదురు. రెండుసార్లు తిరస్కరించినచో కత్తిరించిన ఖర్చులతో కాలము గడుపవలసినదే. 2011లో చేసిన చట్టము పన్ను పెంపును సుమారు నూటికి రెండింటికి లేక ధరల పెరుగుదలకు, ఏది తక్కువయో దానికి, పరిమితము చేసినది. దానిని మీరుటకు నూటికి అరువది ఓట్లు కావలెను. మన పురపాలక సంఘముల బడ్జెట్లు సభ్యులే చదువకుండ ఆమోదము పొందుటను ఎరిగిన మాకు ఈ పద్ధతి చూడ ముచ్చటగా నున్నది.

ఒక్క మండలమునకు మోయరాని పనులు కొన్ని ఉండును. వృత్తివిద్య, అంగవైకల్యము గల బాలుర బోధన మొదలగువానికై 1948లో సహకార విద్యాసేవా సంఘముల నేర్పరచిరి. అవి తాత్కాలికములని, వాని స్థానమున మధ్యస్థ మండలములు వచ్చునని నాడు తలచిరి. ఆ మధ్యస్థ మండలము ఒక్కటియు రాలేదు. తాత్కాలిక సంఘములు నేటికిని ముప్పదియేడు పనిచేయుచున్నవి. తాత్కాలికముగా వేసిన పందిరి శాశ్వతముగ నిలుచుట మన యొక్కరి విద్యయే కాదని తెలిసి ఊరటపడితిమి.

ఇంతకును లాభమెంత? సిరక్యూస్ విశ్వవిద్యాలయ పండితులగు డంకూంబు, యింగరులు 1985 మొదలు 1997 వరకు జరిగిన కలయికలను లెక్కగట్టి 2007లో ఫలితములు ప్రకటించిరి. మున్నూరు మంది విద్యార్థులు గల మండలము రెండింతలైనచో, సర్దుబాటు ఖర్చులు పోగా తలకు నూటికి 31.5 వంతులు ఆదాయగును. పదునైదు వందల మంది గలదానికి 14.4 మాత్రమే. వారు మరియొక హెచ్చరికయు చేసిరి: అనవసర భవనములకు రాష్ట్రము ధనమీయరాదని. ఈ లెక్కలో పిల్లవాడు బస్సులో గడపు గంటలకును, తల్లి బడికి రాలేకపోవుటకును వెల కట్టలేదు. కోర్నెల్ విశ్వవిద్యాలయాచార్యుడు థామస్ లైసన్ 2002లో ఇదే రాష్ట్రపు చిన్న గ్రామములను పోల్చి, బడి నిలిచిన యూళ్లలో ఇండ్ల విలువ హెచ్చుగా నుండుటను చూపెను. బడి ఊరికి కారణమో, ఊరు బడికి కారణమో ఇట్టి పోలికవలన తేలదు గాని, రెండును కలసి నడచుచున్నవని మాత్రము స్పష్టము. మిక్కిలి చిన్న మండలముల కలయికకు హేతువు బలముగా నున్నదనియు, పెద్దవానిని ఇంకను పెద్దవి చేయుటకు మాత్రము సాక్ష్యము పలుచననియు మా యభిప్రాయము.

ఇప్పుడును కలసిన మండలములకు మొదటి అయిదేండ్లు నూటికి నలుబది అదనపు గ్రాంటు, తరువాత క్రమముగా తగ్గుచు మొత్తము పదునాలుగేండ్లు లభించును. అయినను ఓటర్లు అంత తేలికగా లొంగుట లేదు. హెర్కిమర్ కౌంటీలో మొదట నాలుగు మండలములు కలియవలెనని ఆలోచించి, తుదకు ఇలియన్, మోహాక్ అను రెండే 2013లో కలసినవి. అదే యేట అపన్‌హైమ్-ఎఫ్రేటా మండలము సెంట్ జాన్స్‌విల్లుతో కలసినది. పేరు పెట్టుటలో ఈ రెండు కలయికలును రెండు దారులు పట్టినవి. ఇలియన్, మోహాక్‌ల వారు ఏ యూరి పేరును లేకుండ సెంట్రల్ వ్యాలీ అని పిలుచుకొనిరి. రెండవవారు మాత్రము మూడు పేర్లను విడువలేక, బస్సు ప్రక్కను పట్టునో పట్టదో యన్నంత పొడవుగా, అన్నిటిని వరుసగా ఉంచుకొనిరి.