వారానికి మూడు రోజులు అమ్మ ఫోన్

మార్చి నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి విదేశాల్లో స్థిరపడిన మాలాంటి వాళ్లకు ఆ రోజు ఇంటికొక మనిషి గుర్తొస్తారు. నాకు మా అమ్మ. ఆమెకు కిడ్నీ జబ్బు ఉందని 2009లో తెలిసింది. 2022లో కన్నుమూసింది. ఆ పదమూడేళ్లు ఆమె జబ్బుతో పాటు ఇంటినీ, మమ్మల్నీ ఎలా నడిపిందో పంచుకోవాలనిపించింది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం వెంబడి పరుచుకున్న ప్రాంతం ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస తోటలు. ఇంత పచ్చటి నేల మీద, షుగరు గానీ బీపీ గానీ లేని వాళ్లకు కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. నీళ్లలోని సిలికా, భార లోహాలు, పురుగు మందులు, ఎండలో చాకిరీ, వంశపారంపర్యం... పరిశోధకులు ఇలా చాలా వాటిని అనుమానించారు. ఇదే కారణమని ఏ ఒక్కటీ తేలలేదు. శ్రీలంక వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే కనిపిస్తోంది.

కొబ్బరి ఊళ్లో కొబ్బరి వద్దు

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. అమ్మకు పాదాల వాపు తప్ప ఇంకేమీ లేదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉందని చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: ‘ఏటి తినకూడదో రాసివ్వండి బాబూ’.

ఆ జాబితాలో మా ఊళ్లో దొరికేవన్నీ ఉన్నాయి. కొబ్బరి నీళ్లు వద్దు. పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అరటిపండు వద్దు. పనస తొనలు వద్దు. ఉప్పు కోసం ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు వద్దు. రెండెకరాల కొబ్బరి మీద నన్ను విశాఖలో చదివించిన మనిషి, ఆ తోట కాపును మళ్లీ నోట పెట్టుకోలేదు. మా కోసం మాత్రం బొండాలు దించడం మానలేదు.

కూరగాయలు తరిగి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి వార్చేది. అలా చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది, రుచి బాగా తగ్గుతుంది. నాన్నకూ చెల్లికీ కూర విడిగా వండేది. ‘జబ్బు నాది, నాలుక మీది’ అనేది. డయాలసిస్ మొదలయ్యాక తాగే నీళ్లకూ లెక్క వచ్చింది. పొద్దున్నే ఒక చెంబు నింపుకునేది. రోజంతా అదే. టీ తాగినా, చారు పోసుకున్నా ఆ మేరకు చెంబులోంచి ఒంపేసేది.

ఆటోలో నలుగురు

2016లో డయాలసిస్ తప్పలేదు. మొదట్లో విశాఖ వెళ్లాలి. మా ఊరి నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రైలెక్కి వెళ్లి, నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, మళ్లీ రైలెక్కి రావడం. తర్వాత ఉద్దానంలోనే కేంద్రాలు రావడంతో ఆ ప్రయాణం తప్పింది. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే మా ఊరి నుంచి నలుగురు రోగులు ఒకే ఆటోలో బయల్దేరేవారు. ఛార్జీ నలుగురూ పంచుకునేవారు. అమ్మ ఐదేళ్లకు పైగా ఆ ఆటో ఎక్కింది. ఆమెతో మొదటి రోజు ఎక్కిన ముగ్గురిలో ఎవరూ చివరిదాకా మిగల్లేదు. వాళ్ల చోట్లో కొత్తవాళ్లు వచ్చారు. కొత్తగా వచ్చిన వాళ్లకు బరువు ఎలా రాసుకోవాలో, ఫిస్టులా చేతిని ఎలా చూసుకోవాలో అమ్మే నేర్పేది.

ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే చిన్న ఆపరేషన్. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు ఎత్తకూడదు, బిగుతైన గాజులు వేయకూడదు. అమ్మ ఎడమ చేతి గాజులు కూడా కుడి చేతికే వేసుకుంది. 2019 వేసవిలో ఊరెళ్లినప్పుడు మా పిల్లలు అక్కడ చెయ్యి పెట్టి చూశారు. చర్మం కింద రక్తం జుమ్మని అదురుతుంటుంది. ‘నానమ్మ చేతిలో పిల్లి ఉంది’ అంది మా చిన్నది. అమ్మ ఆ మాట ఆటోలో అందరికీ చెప్పుకుంది.

తిత్లీ వచ్చిన నాలుగు రోజులు

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి నేలకూలింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. ఆరోజు అమ్మకు డయాలసిస్ రోజు. ఆటో కదల్లేదు.

మోటార్లు ఆడక మంచినీళ్లు లేని ఊళ్లో జనం పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకుని తాగారు. చుట్టూ అన్ని కాయలు పడి ఉంటే అమ్మ ఒక్క గుక్క తాగలేదు. చెంబును సగం చేసుకుంది. పళ్లు, పప్పు మానేసి మెతుకులు తిని కూర్చుంది. శనివారం మా చిన్నాన్న కొడుకు బండి మీద ఎక్కించుకుని, దారిలో మానులు నరికించుకుంటూ, జనరేటర్ నడుస్తున్న కేంద్రానికి చేర్చాడు. మంగళవారం తర్వాత అదే మొదటి డయాలసిస్. నాకు ఫోన్ కలిసింది ఆదివారం. ‘తోట పోయిందిరా’ అంది. తన సంగతి అడిగితే తప్ప చెప్పలేదు.

డాలస్‌లో రాత్రి, సోంపేటలో పొద్దు

‘అమ్మను అమెరికా తీసుకెళ్లిపోరాదా’ అని చాలామంది అడిగేవారు. మనలో చాలామందికి తెలిసిన లెక్కే ఇది. 1972లో చేసిన చట్టం వల్ల కిడ్నీలు విఫలమైన వారికి ఇక్కడ వయసుతో పని లేకుండా మెడికేర్ వర్తిస్తుంది. అయితే విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు అది రాదు. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుకు చేసే రోజువారీ డయాలసిస్‌కు సాధారణంగా డబ్బు కట్టవు.

కిడ్నీ ఇస్తానన్నాను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లికి కొడుకు ఇవ్వొచ్చు. అమ్మ ఒప్పుకోలేదు. ‘నువ్వూ ఈ నీళ్లు తాగి పెరిగినోడివే. రేపు నీకే కావాలొస్తే ఎవులిత్తారు? ఇద్దరు పిల్లల తండ్రివి’ అంది. నాన్నతో చెప్పించాను, చెల్లితో చెప్పించాను. ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బు వచ్చిన ఊరు మాది. ఆమె భయం ఉత్తది కాదు.

మాకు మిగిలింది ఆ నాలుగు గంటలు. సోంపేటలో ఉదయం ఆరున్నర అయితే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. ఎడమ చేతికి సూదులు, కుడి చేతిలో ఫోన్. మా పిల్లలు హోంవర్కు ముందేసుకుని నానమ్మతో మాట్లాడేవారు. వెనక మిషన్ కూత వినిపిస్తే ‘సిస్టరమ్మ వస్తంది, ఆగండి’ అనేది. వాళ్ల తెలుగులో ఈరోజుకీ ‘ఏటి’, ‘ఎవులు’ వినిపిస్తాయంటే ఆ మంచం మీంచి వచ్చినవే. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు కూడా ఆ ఫోన్ ఆగలేదు. నేను ఊళ్లో ఉండగా కూడా అమ్మతో అన్ని గంటలు మాట్లాడి ఎరగను.

2022లో గుండె ఆగి పోయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వచ్చాయి. అవి ఆమె చూడలేదు.

మీ అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. పెద్ద ఖర్చు కాదు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి ఏ మాత్రలు మింగుతున్నారో కనుక్కోండి, నొప్పి మాత్రల్లో చాలా రకాలు కిడ్నీలకు చేటు. ఉద్దానంలో పుట్టిన వాళ్లు ఏ దేశంలో ఉన్నా తమ పరీక్షలూ మరవొద్దు. నేనూ చెల్లీ ఏటా చేయించుకుని అంకెలు ఒకరికొకరు పంపుకుంటాం. ఈ ఏడాది ఇద్దరివీ బాగానే ఉన్నాయి.