మేలెరిగిన పండుగ

నవంబరు మాసంలో నాలుగవ గురువారం. అమెరికా ఈశాన్య తీరాన అప్పటికి చెట్ల ఆకులన్నీ రాలిపోయి ఉంటవి. పగటిపొద్దు కురచ అవుతుంది. ఆనాడు సంయుక్త రాష్ట్రాలలో కోట్లకొలది ఇళ్ళలో పెందలకడనే వంట ప్రారంభమవుతుంది. దూరపు ఊళ్ళనుండి కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనుమలు, మనుమరాళ్ళు తాతగారి ఇంటికి చేరుకుంటారు. రహదారులు, రైళ్ళు, విమానాలు కిటకిటలాడిపోతవి. సంక్రాంతికి సొంత ఊళ్ళకు పరుగెత్తే తెలుగువారిని చూచినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. ‘థాంక్స్‌గివింగ్’ అని అక్కడివారు పిలుచుకునే కృతజ్ఞతా దినం అది.

పండుగ ఖర్చు పెద్దలదైనా, పండుగ ప్రాణం పిల్లలలో ఉంటుంది. న్యూయార్కు నగరంలో మేసీ వర్తకశాలవారు 1924లో ప్రారంభించిన ఊరేగింపును పిల్లలు ఆ ఉదయం కన్నార్పకుండా చూస్తారు. గాలి నింపిన మహాకాయులైన బొమ్మలు మేడల నడుమ తేలిపోతూ ఉంటవి. ఇంకొక మూల పసిపిల్ల ఒకతె కాగితంమీద అరచేయి ఆనించి చుట్టూ గీత గీస్తుంది. బొటనవ్రేలు టర్కీ కోడి తల. తక్కిన నాలుగు వ్రేళ్ళూ దాని పింఛం. వంటయింట ఒకరికి చిక్కుడుకాయలు త్రుంచే పని, ఒకరికి ఎర్రని క్రాన్‌బెర్రీ పండ్లు కడిగే పని, ఒకరికి గుమ్మడి గుజ్జు కలిపే పని. మధ్యాహ్నానికో సాయంత్రానికో బల్ల సిద్ధమవుతుంది. పెద్దబల్లవద్ద చోటు చాలకపోతే పిల్లలకు వేరుగా చిన్నబల్ల వేస్తారు. ఆ చిన్నబల్లనుండి పెద్దబల్లకు ఎప్పుడు చేరుదుమా అని ఎదురుచూడని బాలుడుండడు.

భోజనానికి ముందు అనేక కుటుంబాలలో ఒక ఆచారం ఉన్నది. బల్లచుట్టూ కూర్చున్న ప్రతివారూ వరుసగా, ఆ సంవత్సరం తమకు కలిగిన మేలేదో, అది ఎవరివల్ల కలిగినదో చెప్పవలె. పెద్దలు ఆరోగ్యమనీ ఉద్యోగమనీ పెద్దమాటలు చెబుతారు. నాలుగేళ్ళ పసివాడి వంతు వస్తే, తన కుక్కపిల్ల పేరో, జ్వరం వచ్చిన రాత్రి ప్రక్కన కూర్చున్న అమ్మమ్మ పేరో చెబుతాడు. అందరూ నవ్వుతారు. కాని తరచి చూస్తే, ప్రశ్నకు సరియైన సమాధానం ఇచ్చినది వాడే. మేలు చేసిన చేయి ఏదో వాడు గుర్తుపట్టగలిగినాడు.

కృతజ్ఞత అనే మాటకు అర్థం సరిగా అదే. కృతం అనగా చేయబడినది. దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. అనగా కృతజ్ఞత కేవలం ఉచ్చరించే మాట కాదు, ఎరుక. దీనికి ఎదురుగా నిలిచిన మాట కృతఘ్నుడు. చేసిన మేలును చంపివేసినవాడని దాని భావం. తెలుగు ఇళ్ళలో అన్నం వడ్డించిన తల్లికి ‘కృతజ్ఞతలు’ అని చెప్పే అలవాటు లేదు. చెబితే ఆమె వింతగా చూస్తుంది. ‘నీ మేలు మరవను’ అనడమే తెలుగు నుడికారం. మరవకుండుటయే ఇక్కడ ముఖ్యం. ఈ గీటురాయిమీద ఆ పండుగ చరిత్రను ఒకసారి గీసి చూడవలె.

1620లో ‘మేఫ్లవర్’ అనే ఓడలో 102 మంది ఆంగ్లేయ ప్రయాణికులు అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి నేటి మసాచుసెట్స్ తీరానికి చేరారు. ప్లిమత్ వద్ద గుడిసెలు వేసుకున్నారు. మొదటి చలికాలంలో వ్యాధులకు, చలికి, ఆకలికి సుమారు సగంమంది నేలరాలారు. పెద్దవయసు స్త్రీలలో మిగిలినవారు నలుగురే. బ్రతికినవారిలో పిల్లల సంఖ్య తక్కువ కాదు.

వారికి ఆ నేలలో పంట తీయడం నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే స్థానికుడు. మొక్కజొన్న నాటేచోట చేపలను ఎరువుగా పాతిపెట్టాలని ఆయన చూపించాడు. ఆయన కథ కన్నీరు తెప్పిస్తుంది. 1614లో ఒక ఆంగ్లేయ నావికుడు ఆయనను అపహరించి స్పెయిను దేశానికి కొనిపోయాడు. ఇంగ్లండు మీదుగా, అనేక కష్టాలు పడి 1619లో స్వస్థలానికి తిరిగి వస్తే అక్కడ ఊరు లేదు. మహమ్మారి తన వారినందరినీ కబళించింది. ఆ పాడుబడిన ఊరి పొలాలమీదనే ప్లిమత్ వెలసింది. తన వారి పొలంలోనే పరాయివారికి వ్యవసాయం నేర్పిన మనిషి ఆయన.

1621 శరదృతువులో పంట చేతికి వచ్చింది. సుమారు 50 మంది ఆంగ్లేయులు విందు చేసుకున్నారు. వాంపనోగ్ జాతి నాయకుడు మాససోయిట్ తొంబదిమంది అనుచరులతో వచ్చాడు. వారు ఐదు లేళ్ళను వేటాడి తెచ్చి ఇచ్చారు. విందు మూడు దినాలు సాగింది. ఎడ్వర్డ్ విన్‌స్లో ఆ సంవత్సరం డిసెంబరులో వ్రాసిన లేఖలో ఇంతవరకే ఉన్నది. పక్షులను వేటాడినట్లు ఆ లేఖ చెబుతుంది గాని, టర్కీ కోడి పేరు ఎత్తదు.

ఈ విందు జాతీయ పర్వం కావడానికి ఒక వితంతువు పట్టుదల కారణం. 1822లో భర్త మరణించగా ఐదుగురు బిడ్డలతో మిగిలిన సారా జొసీఫా హేల్ కలాన్ని నమ్ముకున్నది. గొఱ్ఱెపిల్ల వెంట నడచిన మేరీని గూర్చి ప్రపంచమంతటా పిల్లలు పాడుకునే గేయం 1830లో ఆమె ప్రకటించినదే. ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రికకు నలుబది సంవత్సరాలు సంపాదకత్వం వహించి, దేశమంతటా ఒకే దినాన కృతజ్ఞతా పర్వం జరగాలని ఏటేటా వ్రాసింది. అధ్యక్షుని తరువాత అధ్యక్షునికి విజ్ఞప్తులు పంపింది. 1863లో అంతర్యుద్ధం నడుమ అబ్రహాం లింకన్ ఆమె మాట ఆలకించాడు. అక్టోబరు 3న వెలువడిన ఆయన ప్రకటన, విధవలను, అనాథలను కూడా తలచుకొమ్మని ప్రజలను కోరింది. నాలుగవ గురువారమని శాసనసభ నిర్ణయించినది 1941లో.

ఇంతవరకు కథ మధురం. కాని మేలెరుగుట అనే గీటురాయి ఇక్కడనే పరీక్షిస్తుంది. విందు జరిగిన ఏబదినాలుగు సంవత్సరాలకు, 1675లో, ఆంగ్లేయులకూ మాససోయిట్ కుమారుడు మెటాకామెట్‌కూ యుద్ధం వచ్చింది. మరుసటి ఏట మెటాకామెట్ హతుడైనాడు. ఆయన శిరస్సును ప్లిమత్‌లో కొయ్యకు గుచ్చి నిలిపారు. ఆయన చిన్నకుమారుణ్ణి బానిసగా అమ్మివేశారు. విందుకు లేళ్ళను తెచ్చిన అతిథికి ఆ బాలుడు సాక్షాత్తు మనుమడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమని తెలుగువారనేది దీనినే.

1970లో, ఓడ చేరిన 350 సంవత్సరాల ఉత్సవంలో ప్రసంగించమని వాంపనోగ్ జాతీయుడు వామ్సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ఆయన ఈ చేదు సత్యాన్ని వ్రాసుకొని రాగా, ఆ ప్రసంగానికి నిర్వాహకులు అంగీకరించలేదు. ఆ ఏటి కృతజ్ఞతా దినాన మాససోయిట్ విగ్రహంవద్ద తనవారితో నిలిచి ఆయన సంతాప దినం పాటించాడు. నాటినుండి ఏటేటా అక్కడ ఆ సభ జరుగుతున్నది.

మరి పిల్లలకు ఏమి చెప్పవలె? పూర్వం అమెరికా బడులలో కాగితపు ఈకలు, కాగితపు టోపీలు తొడిగి పసివారిచేత ఆ విందును ఆడించేవారు. నేడు అనేకమంది ఉపాధ్యాయులు ఆ పద్ధతి మాని, వాంపనోగులు ఎవరు, వారు ఏమి పండించేవారు, నేడు ఎక్కడ ఉన్నారు అని చెప్పి మొదలుపెడుతున్నారు. దీనివల్ల పండుగ రుచి చెడుతుందని భయపడనక్కరలేదు. క్రూరమైన వివరాలను వయసుకు తగినట్లు తరువాత చెప్పవచ్చు. కాని అబద్ధాన్ని ముందుగా చెప్పకూడదు. మొక్కజొన్న నాటడం నేర్పిన మనిషి పేరు ఆరేళ్ళ పిల్ల పలుకగలదు.

ఈ ఋణం అమెరికావారిదే కాదు. మొక్కజొన్న, గుమ్మడి, టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, జామ, సీతాఫలం అన్నీ ఆ ఖండపు ఆదివాసులు పెంచి పోషించిన పంటలు. తెలుగువాని ప్రాణమైన మిరపకాయ కూడా అక్కడిదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలమీద ఈ దేశానికి వచ్చింది. అంతకు ముందు తెలుగు వంటకు కారం మిరియాలు ఇచ్చినదే. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ గురువారంనాడు బంధుమిత్రులతో కూడి, శాకాహారులైతే పులిహోర, గుమ్మడికాయ దప్పళం వండుకున్నప్పుడు, ఆ గుమ్మడీ ఆ పులిహోరలోని మిరపా తమ పుట్టినింటికి వచ్చినవే అవుతవి.

కనుక అక్కడైనా ఇక్కడైనా, బడిలో గురువు, ఇంట తల్లి ఒక చిన్న ప్రశ్న అడిగితే చాలు: ‘ఈ కంచంలోనిది ఎవరు పండించారు, ఎవరు నేర్పారు, ఎవరు వండారు?’ పిల్లవాడు వెదకడం మొదలుపెడతాడు. వంటయింటినుండి పొలానికి, పొలంనుండి సముద్రాలకు ఆవలికి వాని చూపు పోతుంది. ఆ వెదుకులాటలో ఒక్క పేరైనా దొరికి, అది వాని నోట నిలిస్తే, ఆ దినం ఏ మాసమైనా ఆ ఇంట మేలెరిగిన పండుగ జరిగినట్లే.