పెళ్లికి వానే పెద్ద చుట్టం

పెళ్లినాడు చినుకు పడకూడదని కోడిగుడ్లు మొక్కేవాళ్లు కొందరు. చినుకు కోసం కప్పలకే పెళ్లి చేసేవాళ్లు ఇంకొందరు. ఏ ఊరి నమ్మకం చూసినా ఆ ఊరి కరువేమిటో తెలిసిపోతుంది.

“పచ్చిబియ్యం బొక్కుతావేమే, నీ పెళ్లికి వాన పట్టుకుంటాది!”

చేటలో బియ్యం చెరుగుతున్న అవ్వ ఇలా కసిరితే, నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక నిలబడిపోయిన ఆడపిల్లలు తెలుగునాట ఎందరో. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇది అచ్చంగా బెదిరింపే. పందిరి తడిసి, విస్తళ్లలో నీళ్లు నిలిచి, చుట్టాలు గొడుగుల కింద నక్కే దృశ్యం కళ్లముందు కదులుతుంది. తనకల్లులో అదే మాట వింటే మాత్రం అనుమానమొస్తుంది: ఇది శాపమా, దీవెనా?

కదిరి నుంచి మదనపల్లె వైపు పోయే దారిలో ఉంది తనకల్లు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా ఆకాశం మారలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు బంగాళాఖాతం నుంచి ఇంతదూరం వచ్చేసరికి తేలికైపోతాయి. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కొద్దిపాటి వాననే నమ్ముకుని చెనక్కాయ విత్తే రైతుకు, పెళ్లిపందిరి తడిస్తే కోపమెందుకొస్తుంది?

రోకలి మీద పెళ్లికూతురు

వాన మొహం చాటేసిన ఏడాది పల్లెల్లో పిల్లలు కప్పను పట్టుకొస్తారు. తడిగుడ్డలో వేపమండలతో కలిపి రోకలికి కడతారు. ఇద్దరు చెరో కొసా భుజాన వేసుకుని గడపగడపకూ తిరుగుతారు. ఇంటామె కప్ప మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, పిల్లల చేటలో ఇన్ని గింజలు పోస్తుంది. కొన్ని ఊళ్లలో రెండు కప్పలను తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి ఏకంగా పెళ్లే చేసేస్తారు. అప్పటికీ మబ్బు కదలకపోతే గాడిదల వంతు. ఆడగాడిదకు చీర చుట్టి, మగగాడిదకు పంచె కప్పి మేళతాళాలతో ఊరేగిస్తారు. రావికీ వేపకూ పెళ్లి చేసే ఊళ్లున్నాయి, విరాటపర్వం చదివించే ఊళ్లున్నాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. తొలకరికి గుంటలు నిండగానే మగకప్పలు గొంతెత్తి ఆడకప్పలను పిలుస్తాయి. ఆ బెకబెకలు వాటి పెళ్లిపిలుపులే. అంటే, వాన పడ్డాక కప్పలకు పెళ్లి అవుతుంది. మనవాళ్లు వరస తిరగేశారు: పెళ్లి మేం చేస్తాం, వాన నువ్వు పంపమన్నారు!

ఈ బేరం మనొక్కరిదే కాదు. అస్సాంలో కప్పల పెళ్లిని భేకులీ బియా అంటారు. కర్ణాటకలోని ఉడుపిలో 2019 జూన్‌లో వరుణ్, వర్ష అని పేర్లు పెట్టి మరీ రెండు కప్పలకు ముడివేశారు. అదే ఏడాది భోపాల్‌లోనూ కప్పల జంటకు పెళ్లయింది. తర్వాత వానలు ముంచెత్తడంతో సెప్టెంబరులో ఆ జంటకు విడాకులిప్పించారు. మెక్సికోలోని శాన్ పెద్రో హుఆమెలూలా పట్టణంలోనైతే మేయరే పెళ్లికొడుకు. తెల్లగౌను తొడిగి, నోరు కట్టేసిన ఆడమొసలిని పెళ్లాడి ముద్దు పెడతాడు. మంచి వానలూ, వలనిండా చేపలూ కావాలన్నది ఊరి కోరిక. 200 ఏళ్లు దాటిన ఆచారమిది.

చినుకు వద్దనేవాళ్లు

స్పెయిన్‌లో పెళ్లి కుదిరిన అమ్మాయి సెయింట్ క్లారా మఠానికి కోడిగుడ్లు తీసుకెళ్తుంది. పెళ్లిరోజు ఎండ కాయాలని సన్యాసినులతో ప్రార్థన చేయించుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే మొక్కు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నెల ముందే పెళ్లిచోట బర్బన్ విస్కీ సీసాను తలకిందులుగా పాతిపెడతారు, వాన రాకూడదని. పెళ్లయ్యాక తవ్వి తీసి చుట్టాలతో కలిసి తాగేస్తారు. ఇటలీవాళ్లు మాత్రం తడిసిన పెళ్లికూతురు అదృష్టవంతురాలని సర్దుకుంటారు. మన తనకల్లు అవ్వలకు వియ్యపురాళ్లు కాదగ్గవాళ్లు!

వాన వచ్చాక కూడా మన పెళ్లిళ్లను వదలదు. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు, కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి. అప్పుడు గర్భం దాలిస్తే కాన్పు నడివేసవిలో వస్తుందని ఒక కారణం చెబుతారు. సేద్యం చేసే ఇళ్లకు ఇంకో కారణం తెలుసు. పదునైన నేల రెండురోజులు ఆగదు, విత్తనం గొర్రు పట్టాల్సినవాడు అత్తారింట్లో కూర్చుంటే ఎలా?

ఇక పచ్చిబియ్యం సంగతి. జీలకర్రా బెల్లం అయ్యాయి, తాళి పడింది. ఇప్పుడు పళ్లేల నిండా తలంబ్రాలు వచ్చాయి. పసుపు కలిపిన పచ్చిబియ్యమే అవి. చిన్నప్పుడు గుప్పెడు నమిలితే తిట్టిన అవ్వే పక్కన నిలబడి, “పొయ్యవే, ఇంకా పొయ్యి” అని మనవరాలిని ఎగదోస్తోంది. దోసిళ్లు లేచేకొద్దీ గింజలు జలజలా రాలుతున్నాయి. బయట మబ్బు లేదు. పందిట్లో మాత్రం పట్టుచీర కుచ్చిళ్ల దాకా వానే.