కాలికి పట్టాలా, కాలానికి నిలవాలా?

మామిడిపల్లికి ఆనుకునే శంషాబాద్ విమానాశ్రయం. 2008 మార్చిలో అక్కడ విమానాలు దిగడం మొదలైన దగ్గర్నుంచి అమెరికా, కెనడాల నుంచి వచ్చే సూట్‌కేసుల్లో చాక్లెట్లూ సెంటు సీసాలతో పాటు పిల్లల ఆటసామాను కూడా ఈ ఊరి పక్కనే దిగుతోంది. స్కేట్స్ అందులో ఒకటి. డాలస్ స్టార్స్ ఐస్ హాకీ జట్టు కార్యాలయమూ, సాధన రింకూ ఉన్నది టెక్సస్‌లోని ఫ్రిస్కో ఊళ్ళో. తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డ ఊళ్ళలో అదొకటి. అక్కడి తమ్ముడికి ఇక్కడి అక్క ఫోన్ చేసి, "చిన్నోడి సైజు అయిదురా, కాస్త ఖరీదైనా సరే మంచి కంపెనీవి పట్టుకురా" అని చెప్పడం మనకు వింతగా తోచదు. కానీ ఆ ఒక్క మాటలో రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. సైజు అంటే ఒక అంకె, అది ప్రపంచమంతా ఒకటే అన్నది మొదటిది. పేరున్న కంపెనీ, పెద్ద ధర ఉంటే చాలు, మిగతాది కాలే సర్దుకుంటుందన్నది రెండోది. రెండూ నిలిచేవి కావు. స్కేట్స్ కొనేటప్పుడు మొదటి ఓటు కాలికి పట్టడానికి వెయ్యాలి, తయారీ నాణ్యతకు రెండోది. అయితే ఆ రెండో ఓటును కొట్టిపారెయ్యడానికి లేదు. దానికి కారణం కూడా పట్టులోనే ఉంది.

ముందు స్కేట్ పాదాన్ని ఏం అడుగుతుందో చూద్దాం. ఐస్ హాకీ బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. దాని అడుగు చదునుగా ఉండదు. సానపట్టేటప్పుడు పొడవునా సన్నటి గాడి తీస్తారు. ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు మిగులుతాయి. ఆటగాడు మలుపు తిరిగేటప్పుడు ఒంటి బరువు ఆ సన్నటి అంచుల మీదే ఉంటుంది. మన కాలనీ రోడ్ల మీద పిల్లలు వేసుకు తిరిగే ఇన్‌లైన్ స్కేట్స్‌లోనూ చక్రాలన్నీ ఒకే వరస కాబట్టి కథ అదే. మామూలు బూటులో మడమ కాస్త లేచినా నడక ఆగదు, మహా అయితే బొబ్బ వస్తుంది. స్కేట్‌లో మడమ లేస్తే ముందు పాదం కదులుతుంది, తర్వాత బూటు కదులుతుంది, అంచు ఆ తర్వాతెప్పుడో కదులుతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి పిల్లవాడు కాలివేళ్ళు ముడిచి బూటు అడుగును పట్టుకోబోతాడు, లేసులు రక్తం ఆగేంత బిగిస్తాడు, చివరికి చీలమండలు లోపలికి ఒరిగిపోయి నిలబడతాడు. గట్టున నిలబడ్డ పెద్దలు "వీడి కాళ్ళలో బలం లేదు" అని తేల్చేస్తారు. బలం సంగతి తర్వాత, ముందు ఆ బూటు విప్పి చూడాలి.

మన కాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కంటే వెడల్పని అందులో తేలింది. బ్రిటన్, యూరప్, అమెరికా కొలతలను పక్కనపెట్టి మనకంటూ 'భా' అనే సొంత కొలత పద్ధతి ఉండాలన్న ప్రతిపాదన ఆ సర్వే నుంచి వచ్చిందే. చెప్పులూ బూట్లూ లేకుండా నడిచే భారతీయులను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలోనూ అలాంటి పాదాలు ముందు భాగంలో విశాలంగా ఉంటాయనే వచ్చింది. ఇప్పుడు ఆ వెడల్పాటి పాదాన్ని ఉత్తర అమెరికాలో మామూలు వెడల్పుకు పోతపోసిన స్కేట్‌లో దూర్చండి. వేళ్ళ మొదళ్ళ దగ్గర అది కరుస్తుంది. అమ్మానాన్నలు చేసే మొదటి పని ఒక సైజు పెంచడం. వెడల్పు కోసం పెంచితే పొడవు కూడా పెరుగుతుంది. అంటే ముందు నొప్పి తగ్గి వెనక మడమ వదులవుతుంది. ఆ వదులుకు రెండు జతల మేజోళ్ళు, మేజోళ్ళు నలిగి మళ్ళీ బొబ్బలు. ఇదంతా నాసిరకం బూటులో జరిగేది కాదు, ఇరవై ముప్ఫై వేలు పోసిన బూటులోనూ ఇలాగే జరుగుతుంది. కావలసింది అదే పొడవులో వెడల్పు బూటు. హాకీ స్కేట్స్‌లో మామూలు వెడల్పును 'డి' అనీ, వెడల్పాటి రకాన్ని 'డబుల్ ఈ' అనీ గుర్తు వేస్తారు. ఫ్రిస్కో తమ్ముడికి ఆ అక్షరం చెప్పకపోతే అతను తెచ్చేది నూటికి తొంభై పాళ్ళు 'డి'యే.

అంకెల గందరగోళమూ ఇక్కడే. మన దుకాణాల్లో బూటు మీద ఉండే అంకె ఎక్కువగా బ్రిటన్ కొలత. అమెరికా మగవాళ్ళ బూట్లలో అదే పాదానికి దాదాపు ఒకటి కలపాలి. హాకీ స్కేట్ అయితే ఆ అమెరికా బూటు అంకెలోంచి మళ్ళీ ఒకటి నుంచి ఒకటిన్నర దాకా తీసెయ్యాలి. అక్క చెప్పిన అయిదును తమ్ముడు అమెరికా బూటు సైజనుకుంటే వచ్చే స్కేట్ ఒక సైజు కురచ అవుతుంది. అందుకే పాదాన్ని మిల్లీమీటర్లలో చెప్పడం మేలు. మిల్లీమీటరుకు దేశం లేదు.

తయారీదారులే ఈ వాదానికి సాక్ష్యం చెబుతున్నారు. 1927లో కెనడాలోని కిచెనర్‌లో మొదలైన బావర్, 1899లో సైకిళ్ళ కంపెనీగా పుట్టిన సీసీఎం, ఈ రెండూ హాకీ స్కేట్స్‌లో పెద్ద పేర్లు. పై తరగతి మోడళ్ళను ఈ రెండూ ఒకే ధరకు మూడు ఆకారాల్లో చేస్తాయి: సన్నపాటి మడమకు ఒకటి, నడిమి పాదానికి ఒకటి, ఎత్తూ వెడల్పూ ఉన్న పాదానికి ఒకటి. ధర నిచ్చెన నిలువుగా ఉంటుంది, ఆకారం అడ్డంగా ఉంటుంది. ఎంత పైమెట్టు ఎక్కినా ఆకారం దానంతటది సరికాదు. డబ్బు పోసి పట్టును కొనుక్కోగలిగితే ఒకే ధరకు మూడు అచ్చులు చేయవలసిన అవసరం ఆ కంపెనీలకు ఏముంది?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. దుకాణంలో చక్కగా పట్టిన బూటు రెండు నెలల్లో కూలబడితే ఆ పట్టు ఏపాటిది? నిజమే. చవక బూట్లలో చీలమండ చుట్టూ ఉండే గోడ పలచని ప్లాస్టిక్కో, గుడ్డ అతికించిన స్పాంజో. మొదటి రోజు అది మెత్తగా హాయిగా ఉంటుంది, కొన్నవాళ్ళు ఆ మెత్తదనాన్నే పట్టు అనుకుంటారు. వారానికి నాలుగు రోజులు సాధన చేసే పిల్లవాడి కాలి కింద స్పాంజి అణిగిపోతుంది, గోడ ఒక పక్కకు ఒరుగుతుంది, మడమ జేబు సాగుతుంది. పట్టును కాపాడేది తయారీయే. ఐస్ హాకీలో దీనికి రక్షణ కూడా తోడవుతుంది: గట్టి రబ్బరుతో చేసిన, 170 గ్రాముల దాకా తూగే పక్కు వేగంగా వచ్చి తగిలితే వేళ్ళను కాచేది బూటు ముందున్న గట్టి టోపీ. అక్కడ బేరమాడకూడదు. కాబట్టి తయారీకి ఒక కింది గీత గీయాల్సిందే. బొటనవేళ్ళతో నొక్కినప్పుడు చీలమండ గోడలు ఒకదానికొకటి సులువుగా ఆనుకుంటే ఆ బూటు కాలికి ఎంత పట్టినా వదిలెయ్యాలి.

కానీ ఆ గీతకు పైన ఉన్న ప్రతి మెట్టూ మేలు చేస్తుందనుకోవడం మళ్ళీ పొరపాటే. ఖరీదు పెరిగేకొద్దీ బూటు గట్టిపడుతుంది, తేలికవుతుంది. అంత గట్టిదనం బరువైన, బలమైన ఆటగాడి తోపును తట్టుకోవడానికి. ముప్ఫై కిలోల పిల్లవాడు ఆ బూటును ముందుకు వంచలేడు. చీలమండ ముందుకు వంగకపోతే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే స్కేటింగే రాదు. కొయ్యకాళ్ళ మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడిపోతాడు. మంచిదని కొన్న మంచితనమే అడ్డం తిరుగుతుంది. అంటే తయారీ నాణ్యతకు కూడా 'ఎవరి ఒంటికి' అన్న ప్రశ్న తప్పదు. ఏ ఆటకు అన్నదీ తప్పదు. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచి, 2015లో అర్జున అవార్డు అందుకున్న హైదరాబాదీ అనూప్ కుమార్ యామది ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్. దానికి చీలమండ పైదాకా వచ్చే ఎత్తు బూటు కావాలి. వేగం పోటీల ఇన్‌లైన్ బూటు చీలమండ దగ్గరే ఆగిపోతుంది. రెండూ మేలురకాలే, ఒకదాని పని రెండోది చెయ్యదు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న దానికి ఒక తేలిక లెక్క ఉంది: ఏది తర్వాత మార్చుకోలేమో దాని మీద పెట్టాలి. చక్రాలు అరిగితే కొత్తవి వేయించవచ్చు. బేరింగులు వంద రెండొందల నుంచీ దొరుకుతాయి. హాకీ బ్లేడు అరిగినా కొత్త ఉక్కు బిగించవచ్చు. మారనిది బూటు ఒక్కటే. మన దుకాణాల్లో అమ్మకం మాత్రం తలకిందులుగా సాగుతుంది. డబ్బా మీద 'ఏబెక్ 9' అని పెద్ద అక్షరాలుంటాయి, చక్రాల్లో లైట్లు వెలుగుతుంటాయి, బూటు లోపలి ఆకారం గురించి ఒక్క ముక్క ఉండదు. ఏబెక్ అంకె చెప్పేది బేరింగు కొలతల్లో ఎంత ఖచ్చితత్వం ఉందన్నదే. దాని ఉక్కు ఎంత కాలం మన్నుతుందో, మామిడిపల్లి వైపు లేఅవుట్ రోడ్ల దుమ్ములో ఎన్నాళ్ళు తిరుగుతుందో అది చెప్పదు.

"పెరిగే కాళ్ళండీ, ఏడాదికొక జత ఎవరు కొంటారు?" అన్నది ఇంటింటా వినిపించే మాట, అందులో న్యాయం ఉంది. తోలు సంస్థ సర్వే ప్రకారం పాదం ఎదుగుదల ఆడపిల్లల్లో 11 ఏళ్ళ ప్రాంతానికి, మగపిల్లల్లో 15, 16 ఏళ్ళకు తారస్థాయికి చేరుతుంది. అంటే నేర్చుకునే ఏళ్ళన్నీ కాళ్ళు పెరిగే ఏళ్ళే. అయినా స్కూలు బూటులా రెండు సైజులు ముందే కొనడం ఇక్కడ నడవదు. పొడుగైన చొక్కా చేతులు మడిచి తొడగవచ్చు, వదులు మడమను మడవలేం. బూటులో కాలిని ముందుకు జరిపినప్పుడు మడమ వెనక మన వేలు ఒక్కటి పట్టేంత జాగా దాకా ఒప్పుకోవచ్చు, అంతకు మించితే నేర్చుకోవడమే దెబ్బతింటుంది. మీట నొక్కితే పొడవు పెరిగే ఇన్‌లైన్ స్కేట్స్ మొదటి రెండేళ్ళకు మంచి రాజీ; అవి పొడవులో సాగినంత వెడల్పులో సాగవని గుర్తుంచుకుంటే చాలు. ఆడపిల్లో మగపిల్లాడో ఆటలో నిలుస్తారో లేదో తెలియనప్పుడు పెద్ద ధర పెట్టకపోవడమే తెలివి. వాడిన స్కేట్స్ తీసుకున్నా తప్పులేదు, కాకపోతే గట్టి బూటు ఇంకొకరి చీలమండకు అచ్చుపడి ఉంటుంది. ఏళ్ళ తరబడి అటక మీద పడున్నదైతే దాని ప్లాస్టిక్ పెళుసుబారి ఉండవచ్చు.

వేడి చేసి అచ్చు వేయిస్తే సరిపోతుంది కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. హాకీ దుకాణాల్లో బూటును సుమారు 80 డిగ్రీల పొయ్యిలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక తొడిగి బిగిస్తారు. చీలమండ ఎముక దగ్గరో మడమ దగ్గరో కొద్దిపాటి తేడాలు దానితో సర్దుకుంటాయి. పొడవు పెరగదు, అచ్చు మొత్తం మారదు. దాదాపు పట్టిన బూటును పూర్తిగా పట్టేలా చెయ్యడానికే ఆ పొయ్యి.

లద్దాఖ్ సంగతేమిటని ఇంకొకరు అడగవచ్చు. అక్కడ ఒకప్పుడు ఆర్మీ బూట్ల కింద బ్లేడ్లు బిగించి ఐస్ హాకీ ఆడారు. దానంగా వచ్చిన, కాలికి సరిపడని స్కేట్స్‌తో ఎదిగిన అమ్మాయిలు మన దేశం జట్టులో చేరి 2017లో అంతర్జాతీయ టోర్నీలో తొలి విజయాలు సాధించారు. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. సామాను లేకుండానే గెలిచారు కదా? గెలిచారు, చలికాలమంతా గడ్డకట్టిన చెరువుల మీద గడిపిన మొండితనంతో గెలిచారు. నొప్పికి తట్టుకోలేక ఆట మానుకున్న పిల్లల పేర్లు ఏ పతకాల పట్టికలోనూ ఉండవు. పైగా ఆ ఆర్మీ బూటు తయారీ లెక్కన నాసిరకం స్కేటే అయినా, తొడిగేవాడికి అలవాటైన బూటు. ఆ ఉదాహరణను తయారీకి సాక్ష్యంగా తేవడం కష్టం.

ఊళ్ళో తొడిగి చూసే దుకాణం లేక, దూరం నుంచి తెప్పించుకోక తప్పనప్పుడు ఏం చెయ్యాలి? సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పిల్లవాణ్ణి తెల్లకాగితం మీద నిలబెట్టి రెండు పాదాలూ గీసి, పెద్దదాని పొడవు, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పు మిల్లీమీటర్లలో రాసి, ఒంటి బరువుతో సహా ఫ్రిస్కోకు వాట్సాప్ చెయ్యాలి. సరుకు దిగాక లేసులు కట్టి నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు టోపీని మెల్లగా తాకాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి, మడమ లేవకూడదు. లేసులు విప్పి, పై నుంచి మూడో రంధ్రాల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టి చూడాలి. పెన్సిల్ రెండు అంచుల మీదా ఆనకుండా పాదం మీదే ఆగితే బూటు లోతు చాలదు. అప్పుడు అది ఎంత పేరున్న కంపెనీదైనా, తమ్ముడి తిరుగు ప్రయాణం సూట్‌కేసులో దానికి చోటు చెయ్యాలి. అందుకే బిల్లు పారెయ్యొద్దని, ఇంట్లో తివాచీ మీదే తొడిగి చూడండని, రోడ్డు మీద ఒక్క చక్రం కూడా తిప్పొద్దని అతనికీ ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పి ఉంచాలి.