పైకి కన్ను బాగానే ఉన్నా.. లోపల నరం నలిగితే?

బైకు మీంచి పడ్డ కుర్రాడికి కనుబొమ దగ్గర రెండు కుట్లు పడతాయి. కన్ను ఎర్రబడి కూడా ఉండదు. గండం గడిచిందని ఇంటికి తీసుకొస్తారు. నాలుగు రోజులకు ఎప్పుడో రెండో కన్ను మూసుకున్నప్పుడు గానీ తెలీదు.. దెబ్బ తగిలిన వైపు చూపు లేదని.

నుదుటికి తగిలిన అదురు ఎముక గుండా లోపలికి పాకుతుంది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం దారిలో సెంటీమీటరు పొడవున్న ఎముక గొట్టంలోంచి పోవాలి. నరం వాస్తే అక్కడ ఉబ్బడానికి చోటుండదు. రక్తం అందక నలిగిపోతుంది. అందులోని పది, పన్నెండు లక్షల పోగుల్లో చచ్చినవి మళ్లీ మొలవవు.

ఆపరేషన్ చేయిస్తే? హోసూరు నుంచైనా, బళ్లారి నుంచైనా జనం బెంగళూరుకు పరుగెత్తేది ఈ ఆశతోనే. ముక్కులోంచి సన్నటి ఎండోస్కోపు పంపి, గొట్టం ఎముకను కొంత తొలిచి నరం మీద ఒత్తిడి తగ్గిస్తారు. పైకి గాటు కనపడదు. వినడానికి బాగుంది గానీ లెక్కలు అంత తేలిగ్గా లేవు. 1999లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో ఆపరేషన్ అయినవారిలో 32 శాతం, స్టెరాయిడ్లు వాడినవారిలో 52 శాతం, ఏ చికిత్సా లేనివారిలో 57 శాతం మందికి చూపు మెరుగుపడింది. ఆపరేషనే చెడగొట్టిందనుకోరాదు. చికిత్స లేనివారు పదిమంది కూడా లేరు, పైగా దెబ్బలు ఒకే రకంవి కావు. ఫలానాదే మేలని తేలలేదు, అంతే. స్టెరాయిడ్ల సంగతి మరీ జాగ్రత్త. తలకు గాయమైన పదివేల మందిపై జరిపిన క్రాష్ పరీక్షలో ఎక్కువ మోతాదు ఇస్తే మరణాలు పెరిగాయని 2004లో బయటపడింది.

అందుకే అందరికీ కత్తి పెట్టరు. స్కానింగులో ఎముక ముక్క నరాన్ని నొక్కుతున్నట్టు కనిపిస్తేనో, మొదట ఉన్న చూపు తర్వాత తగ్గుతుంటేనో ఆలోచిస్తారు. కంటి వెనుక రక్తం చేరి గుడ్డు ముందుకు ఉబికి గట్టిపడితే మాత్రం వేరే కథ. స్కానింగు కోసం కూడా ఆగకుండా కంటి బయటి మూలను కోసి ఒత్తిడి దించాలి. గంటలు కూడా విలువైనవే.

కన్నడం, తమిళం సరిగా రాదన్న మొహమాటంతో మనవాళ్లు వార్డులో నొప్పి గురించే చెప్పి ఊరుకుంటారు. స్పృహ ఉన్న రోగికి ఒక్కో కన్ను మూసి వేళ్లు లెక్కపెట్టించడానికి ఏ భాషా అడ్డు కాదు. స్పృహ లేకపోతే రెండు కళ్లకూ మార్చి మార్చి టార్చి వేసి చూడమని డ్యూటీ డాక్టర్ని అడగవచ్చు. చేరిన రోజు చూపు ఎంత ఉందో కేస్ షీటులో రాయించుకుంటే, పెద్దాసుపత్రికి వెళ్లాక మొదట అడిగేది అదే.