గోడలు అదిరితే చాలదు, మాట వినబడాలి

మా సొసైటీ హాలుకు సౌండ్ సిస్టం ఇస్తామని ముందుకొచ్చే దాతలు తరచుగా మమ్మల్ని అడిగేది, "పెద్ద బేస్ బాక్సు తీసుకోమంటారా?" అని. ఇంటి హోం థియేటర్ సంగతి తెలిస్తే దీనికి జవాబు సులువు.

5.1 సెట్‌లో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉంటాయి. చిన్న స్పీకర్లు లోతైన ధ్వనిని మోయలేవు. అందుకని రిసీవర్ సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర హద్దు గీసి, పైధ్వనిని స్పీకర్లకు, కిందిధ్వనిని సబ్‌వూఫర్‌కు పంపుతుంది. ఈ పంపకమే బేస్ మేనేజ్‌మెంట్. అంత లోతు ధ్వని ఎటునుంచి వస్తోందో మన చెవి సులభంగా పసిగట్టదు కనుక ఒక్క బాక్సు చాలు. సినిమాల్లో పేలుళ్లు, ఉరుముల కోసం విడిగా రికార్డు చేసిన ధ్వని కూడా దీనికే చేరుతుంది.

ఇళ్లలో చేయవలసినవి: మెనూలో చిన్న స్పీకర్లను 'స్మాల్' అని, హద్దును 80 అని పెట్టండి. సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పండి. లేకుంటే ఒకే ధ్వని రెండుసార్లు వడపోతకు గురవుతుంది. 40 హెర్ట్జ్ అల పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. మన గదుల్లో అది గోడలకు తగిలి ఒకచోట హోరెత్తుతుంది, మరోచోట మాయమవుతుంది. మూలన పెడితే మోత ఇంకా పెరుగుతుంది. సబ్‌వూఫర్‌ను కాసేపు మీరు కూర్చునే చోట పెట్టి, గోడల వెంట నడుస్తూ వినండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే, బాక్సును అక్కడికి మార్చండి.

లోతు ధ్వని మాటకంటే సులువుగా గోడ దాటుతుంది. పక్కింట్లో రోగి ఉండవచ్చు, పరీక్షకు చదివే బిడ్డ ఉండవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రాత్రివేళ సబ్‌వూఫర్‌ను తగ్గించడం పొరుగువారికి మనం తీర్చే హక్కు.

ఇక హాలు మాట. ప్రసంగం అర్థమయ్యేది ముఖ్యంగా హల్లుల వల్ల. అవి 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతంలో బలంగా ఉంటాయి. సబ్‌వూఫర్ వాటికి ఏమీ కలపదు. హోరెత్తితే వాటిని కప్పేస్తుంది. కాబట్టి దాతలకు మా మనవి: పెద్ద బాక్సు ఒకటి కాక, వెనక వరుసకు దగ్గరగా చిన్న స్పీకర్లు రెండు ఇప్పించండి. చివరన కూర్చునే పెద్దలకు ప్రతి మాటా అందుతుంది.